శౌర్య పతకం వచ్చింది, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు: బెంగళూరులోని తెలుగు మాజీ సైనికులు, వారి కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మద్రాస్ సాపర్స్ కేంద్రం హలసూరు చెరువు పక్కనే ఉంది. ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్), పారాచూట్ రెజిమెంట్, మిలటరీ పోలీస్, పయనీర్ కోర్ కేంద్రాలూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. అందుకే రాయలసీమ, కోస్తా, తెలంగాణ జిల్లాల నుంచి సైన్యంలో చేరినవాళ్లు చాలామంది రిటైరయ్యాక బెంగళూరులోనే స్థిరపడ్డారు. వాళ్లలో పతకం వచ్చినవాళ్ల ఇళ్ల నుంచి ఏళ్ల తరబడి అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం.

పతకం వచ్చిన మనిషికి అందాల్సింది అందకపోవడానికి కారణం చాలాసార్లు ఎవరి కక్షా కాదు. పతకం సంగతి సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసుకు తెలుసు, డబ్బు సంగతి పెన్షన్ ఆఫీసుకు తెలుసు, రాష్ట్రం ఇచ్చేది మాజీ సైనికుల సంక్షేమం చూసే సైనిక్ బోర్డుకు తెలుసు. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మధ్యలో కాగితం మోయాల్సింది ఇంట్లోవాళ్లే. ఏ ప్రశ్న మీదైతే అక్కడి నుంచే చదవండి, ముందువెనకలు చూడక్కర్లేదు.

## మొదట తేల్చుకోవాల్సినవి

ట్రంకు పెట్టెలో నాన్నగారి మెడల్స్ చాలా ఉన్నాయి. వాటిలో డబ్బు వచ్చేది ఏది?

రిబ్బన్ రంగు చూస్తే సగం తేలిపోతుంది. పరమవీర చక్రకు పూర్తిగా ఊదా. మహావీర చక్రకు సగం తెలుపు, సగం కాషాయం. వీర చక్రకు సగం ముదురు నీలం, సగం కాషాయం. ఆకుపచ్చ రిబ్బన్ మీద నిలువుగా ఒక కాషాయ గీత ఉంటే అశోక చక్ర, రెండుంటే కీర్తి చక్ర, మూడుంటే శౌర్య చక్ర. ఎరుపు మధ్యలో తెల్ల గీత ఉంటే సేనా మెడల్. ఈ ఆరు చక్రాలకు, శౌర్యానికి ఇచ్చిన సేనా, నౌసేనా, వాయుసేనా మెడల్స్‌కు కేంద్రం నెలనెలా అలవెన్స్ ఇస్తుంది.

మిగతావి, అంటే 1965 రక్షా మెడల్, సమర సేవా స్టార్, 1971 పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, కార్గిల్ నాటి ఆపరేషన్ విజయ్ స్టార్ లాంటివి, ఆ యుద్ధంలో పనిచేసిన అర్హులందరికీ ఇచ్చినవి. వాటికి అలవెన్స్ లేదు. రిబ్బన్ వెలిసిపోయి ఉంటే అంచు తిప్పి చూడండి, చెక్కిన నంబరు, పేరు భూతద్దంతో కనబడతాయి. ఆ సర్వీసు నంబరే తర్వాత ప్రతి అర్జీలోనూ పనికొస్తుంది. బ్రాసోతో గట్టిగా రుద్దకండి, ఆ అక్షరాలే అరిగిపోతాయి.

పాత కాగితంలో "అశోక చక్ర క్లాస్ 3" అని ఉంది. అంటే అశోక చక్రేనా?

కాదు. 1967 వరకు అశోక చక్రకు మూడు తరగతులుండేవి. ఆ ఏడాది క్లాస్ 1 అశోక చక్రగా, క్లాస్ 2 కీర్తి చక్రగా, క్లాస్ 3 శౌర్య చక్రగా మారాయి. మీది శౌర్య చక్ర. అర్జీలో "అశోక చక్ర క్లాస్ 3 (ఇప్పటి శౌర్య చక్ర)" అని రెండు పేర్లూ రాయండి. అశోక చక్ర అని మాత్రమే రాస్తే రికార్డుతో సరిపోలక తిప్పి పంపుతారు.

సేనా మెడల్ ఉంది, అయినా అలవెన్స్ రాదంటున్నారు. ఎందుకు?

సేనా మెడల్ రెండు రకాలు. ఒకటి శౌర్యానికి, రెండోది విశిష్ట సేవకు. మెడల్ ఒకటే, రిబ్బన్ ఒకటే, కాబట్టి చూసి చెప్పలేం. గెజిట్‌లో ఏ శీర్షిక కింద పేరుందో, సైటేషన్‌లో (పతకం ఎందుకిచ్చారో చెప్పే రాతలో) ఏం రాసిందో దాన్నిబట్టి తేలుతుంది. నెలవారీ అలవెన్స్ శౌర్యానికి ఇచ్చినదానికే. శౌర్యానికే వచ్చిందన్న నమ్మకం మీకుంటే రికార్డ్ ఆఫీసు నుంచి ఆ మాట స్పష్టంగా రాసిన సర్టిఫికెట్ తెప్పించుకోండి. ఆదాయపు పన్ను మినహాయింపుకు కూడా ఆ సర్టిఫికెట్టే అడుగుతారు.

మెన్షన్ ఇన్ డిస్పాచెస్ (యుద్ధ నివేదికలో పేరు ప్రస్తావించే గౌరవం) వచ్చింది, రిబ్బన్ మీద చిన్న తామరాకు గుర్తు ఉంది. దానికేమైనా ఇస్తారా?

కేంద్రం నెలవారీగా ఏమీ ఇవ్వదు. కొన్ని రాష్ట్రాలు ఒకసారి కొంత మొత్తం ఇస్తాయి. సొంత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

గెజిట్ కాపీ ఇంట్లో లేదు. ఎక్కడ దొరుకుతుంది?

ముందు రక్షణ శాఖ నడిపే గ్యాలంట్రీ అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరుతో వెతకండి. అవార్డు, సంవత్సరం, చాలామందికి సైటేషన్ కూడా అక్కడుంటాయి. దొరక్కపోతే స్పెల్లింగ్ మార్చి చూడండి. "రెడ్డి" విడిగా, కలిపి, ఇంటిపేరు ముందు, వెనక, ఇలా అన్ని రకాలుగానూ. అవార్డులు సాధారణంగా జనవరి 26కు, ఆగస్టు 15కు ప్రకటిస్తారు. ఏడాది తెలిస్తే భారత గెజిట్ వెబ్‌సైట్‌లో పార్ట్ 1, సెక్షన్ 1 కింద రాష్ట్రపతి సచివాలయం నోటిఫికేషన్లు చూడాలి. పాత సంచికలు స్కాన్ చేసిన బొమ్మలు, వాటిలో పేరు టైపు చేసి వెతికితే దొరకదు, పేజీలు తిప్పాల్సిందే. అదీ కుదరకపోతే రికార్డ్ ఆఫీసుకు రాయండి.

రికార్డ్ ఆఫీసు ఎక్కడుంటుంది? అందరికీ ఢిల్లీయేనా?

కాదు, ఆర్మీలో ఏ రెజిమెంట్‌దైతే దానిది. మద్రాస్ సాపర్స్, పారాచూట్ రెజిమెంట్, మిలటరీ పోలీస్ వాళ్లకు బెంగళూరే. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు), ఏఓసీ (ఆర్డ్‌నెన్స్ కోర్)లకు సికింద్రాబాద్. ఆర్టిలరీకి నాసిక్ రోడ్. సిగ్నల్స్‌కు జబల్‌పూర్. డీఎస్‌సీకి (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) కన్నూరు. నావికులకు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని కమోడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు మాత్రం ఢిల్లీ సుబ్రతో పార్క్. మామూలు సర్వీసు తర్వాత డీఎస్‌సీలో మళ్లీ చేరి ఉంటే రెండు చోట్లా ఫైళ్లుంటాయి. పతకం పాత రెజిమెంట్‌లో వస్తే ముందు అక్కడికే రాయండి.

పీపీఓలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వులో) ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. ఏది మార్చుకోవాలి?

తెలుగువాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే. భర్తీ రోజున గుమాస్తా "చింతల వెంకట రమణ రెడ్డి" అని పూర్తిగా రాసుకుంటాడు. ఊళ్లో రేషన్ కార్డులో "సి. వెంకటరమణారెడ్డి". బెంగళూరులో తీసిన ఆధార్‌లో ఇక్కడి అలవాటు ప్రకారం ఇనిషియల్ వెనక్కి వెళ్లి "వెంకటరమణ రెడ్డి సి". మనిషి ఒక్కడే అయినా కంప్యూటర్‌కు ముగ్గురు.

సైనికుడి పేరు, పుట్టిన తేదీ విషయంలో సర్వీసు రికార్డునే ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిపెట్టడం తేలిక. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. కాబట్టి పీపీఓ ముందు పెట్టుకుని, స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసి ఒకేసారి మార్పించండి.

భార్య పేరు దగ్గర అలా కాదు. పీపీఓలో "సుబ్బమ్మ", మిగతా అన్నిట్లో "వెంకట సుబ్బమ్మ" అని ఉంటే రికార్డ్ ఆఫీసులోనే దిద్దించాలి. ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్, పేపర్ ప్రకటన కత్తిరింపులు, ఆధార్, పాన్, డిశ్చార్జి బుక్‌లో కుటుంబ వివరాల పేజీ జిరాక్సు, ఇవన్నీ ఆయన సంతకంతో పంపితే కారిజెండం (దిద్దుబాటు) పీపీఓ వస్తుంది. ఆయన ఉండగానే చేయించండి. ఆయన పోయాక అదే మార్పుకు వారసత్వ ధ్రువీకరణ, సాక్షులు అంటూ అడిగే కాగితాలు పెరుగుతూ పోతాయి.

## నెలనెలా రావాల్సినది

ఏ పతకానికి నెలకు ఎంత?

2017 ఆగస్టు 1 నుంచి ఉన్న రేట్లు: పరమవీర చక్ర 20,000 రూపాయలు, అశోక చక్ర 12,000, మహావీర చక్ర 10,000, కీర్తి చక్ర 9,000, వీర చక్ర 7,000, శౌర్య చక్ర 6,000, శౌర్యానికి ఇచ్చిన సేనా, నౌసేనా, వాయుసేనా మెడల్ 2,000. అంతకుముందు ఇందులో సరిగ్గా సగం ఉండేది. ఇది పెన్షన్‌కు అదనం, సిపాయి అయినా కర్నల్ అయినా ఒకటే. ఒకే పతకం రెండోసారి వస్తే, అంటే బార్ ఉంటే, దానికీ అంతే మొత్తం విడిగా వస్తుంది. సేనా మెడల్‌కు 2,000 అంటే ఈ రోజుల్లో బెంగళూరులో నెల కరెంటు బిల్లుకు సరిపోతే గొప్ప. అయినా హక్కుగా రావాల్సింది, వదులుకోకండి.

పెన్షన్ స్లిప్పులో అలవెన్స్ కనబడటం లేదు. ఎలా మొదలుపెట్టాలి?

రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో లాగిన్ అయి పెన్షన్ స్లిప్, ఎంటైటిల్‌మెంట్ వివరాలు రెండూ దింపుకోండి. బేసిక్, డీఏ, మెడికల్ అలవెన్స్ తర్వాత గ్యాలంట్రీ అలవెన్స్ విడి వరుసగా ఉండాలి. లేకపోతే మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

ఒకటి, పతకం రిటైరయ్యాక ప్రకటించారు, పీపీఓలో ఎప్పుడూ ఎక్కలేదు. అప్పుడు గెజిట్ కాపీ, పీపీఓ, డిశ్చార్జి బుక్ జిరాక్సులతో రికార్డ్ ఆఫీసుకు రాయాలి. వాళ్లు ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్ ఆఫీసుకు పంపితే అక్కడి నుంచి మంజూరు వస్తుంది. మీరు నేరుగా ప్రయాగ్‌రాజ్‌కు పంపితే రికార్డ్ ఆఫీసు ద్వారా రమ్మంటారు, నెలలు పోతాయి.

రెండు, పాత పీపీఓలో ఉంది, బ్యాంకు ఇచ్చేది కూడా, స్పర్శ్‌కు మారేటప్పుడు ఆ వరుస రాలేదు. ఇందులో తప్పు డేటాది, మంజూరుది కాదు. కాబట్టి స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ వేయండి. పాత పీపీఓ, బ్యాంకు నుంచి అలవెన్స్ జమైన నెలల స్టేట్‌మెంట్ జతచేయండి. ఆ స్టేట్‌మెంట్ ఉంటే వాదన అక్కర్లేదు.

మూడు, వస్తోంది కానీ 2017కు ముందు రేటే వస్తోంది. వీర చక్రకు 7,000 బదులు 3,500 పడుతుంటే ఇదే సంగతి.

గ్రీవెన్స్‌లో ఒక్క విషయమే రాయండి. అలవెన్స్, ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్), భార్య పేరు మూడూ కలిపి రాస్తే ఒకదానికి జవాబిచ్చి ఫిర్యాదు మూసేస్తారు.

ఇన్నేళ్లూ అడగలేదు. పాత బకాయి మొత్తం వస్తుందా?

నిబంధన ప్రకారం ఆ సాహసం చేసిన తేదీ నుంచే అలవెన్స్ లెక్క మొదలవుతుంది, పతకం గుచ్చిన రోజు నుంచి కాదు. ఆఫీసు తనంతట తాను దిద్దితే ఆ లెక్కనే బకాయి అడగండి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే మాత్రం, 2008 నాటి తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్నిబట్టి పెన్షన్ బకాయిలను సాధారణంగా కేసు వేయడానికి వెనక మూడేళ్లకే పరిమితం చేస్తారు. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఖరీదైనదే.

పతకం ఉన్నవాళ్ల పెన్షన్‌కు ఆదాయపు పన్ను లేదంటారు, మరి కోశారేంటి?

చక్ర పతకాలు, శౌర్యానికి ఇచ్చిన సేనా, నౌసేనా, వాయుసేనా మెడల్స్ ఉన్నవాళ్ల పెన్షన్‌కూ, తర్వాత కుటుంబానికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కూ పన్ను లేదు. 1961 చట్టంలో అది సెక్షన్ 10(18). 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి అంకె మారుతుంది, రిటర్ను వేసేవారికి ఆ మాట చెప్పండి. అలవెన్స్ ఒక్కటే కాదు, పెన్షన్ మొత్తానికీ మినహాయింపు ఉందని చాలామంది ఆడిటర్లకే తెలియదు. పన్ను కోసేశాక దారి ఒక్కటే: రిటర్ను వేసి వాపసు అడగడం. బ్యాంకు వడ్డీకి, ఇంటద్దెకు, రిటైరయ్యాక చేసే ఉద్యోగం జీతానికి ఈ మినహాయింపు వర్తించదు.

లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చాం, అయినా పెన్షన్ ఆగింది. ఎందుకు?

ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర పాత అలవాటుకొద్దీ బ్యాంకు పేరు ఎంచుకుని ఉంటారు. స్పర్శ్‌కు మారినవాళ్లు మంజూరు చేసే సంస్థగా డిఫెన్స్ పీసీడీఏ (పి) అలహాబాద్‌నీ, చెల్లించే సంస్థగా స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్‌నీ ఎంచుకోవాలి. ఊరి పేరు మారినా ఆ జాబితాలో అలహాబాద్ అనే ఉంటుంది. రెండో తప్పు, పాత పీపీఓ నంబరు కొట్టడం. స్పర్శ్ ఇచ్చిన కొత్త నంబరు వేయాలి. సరైన వివరాలతో మళ్లీ సమర్పిస్తే ఆగిన నెలలు కూడా కలిపి వస్తాయి.

వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి మేలు. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, కళ్లద్దాలు తీయించండి.

తాతయ్య యుద్ధంలో పనిచేశారు, కానీ పెన్షన్ వచ్చేంత సర్వీసు లేదు. ఏమీ రాదా?

శౌర్య పతకం ఉంటే దాని అలవెన్స్‌కు పెన్షన్‌తో లంకె లేదు, అడగండి. పతకం లేకపోయినా, హవల్దార్ లేదా అంతకన్నా తక్కువ హోదాలో పనిచేసి, పెన్షన్ లేకుండా 65 దాటినవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంట్ ఇస్తుంది. 2025 నవంబరు 1 నుంచి దాన్ని నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. భర్త పోయినవాళ్లకూ ఉంది. అర్జీ ఆన్‌లైన్‌లో, జిల్లా సైనిక్ బోర్డు ద్వారా వెళ్తుంది. డిశ్చార్జి బుక్ పోయిందని ఊరుకోవద్దు, సర్వీసు నంబరు ఒక్కటి తెలిసినా రికార్డ్ ఆఫీసు నుంచి వివరాలు రాబట్టవచ్చు.

## సొంత ఊరు ఒకచోట, కాపురం ఒకచోట

ఊరు కడప జిల్లా, ఉంటున్నది కె.ఆర్.పురం. పతకానికి రాష్ట్రం ఇచ్చే డబ్బు ఎవరిస్తారు?

ప్రతి రాష్ట్రం శౌర్య పతకాలకు తన తరఫున నగదు ఇస్తుంది, కొన్ని స్థలమో భూమికి బదులు డబ్బో ఇస్తాయి. రేట్లు రాష్ట్రానికో రకం. సాధారణంగా చూసేది సర్వీసు రికార్డులో ఉన్న సొంత ఊరిని. బెంగళూరులో ముప్పై ఏళ్లుగా ఉంటున్నా, ఇక్కడి ఓటు ఉన్నా, రికార్డులో కడప ఉంటే ఆంధ్రప్రదేశ్‌నే అడగాలి. కర్ణాటక సైనిక సంక్షేమ శాఖ (రెసిడెన్సీ రోడ్డులోని ఫీల్డ్ మార్షల్ కరియప్ప భవన్) మిమ్మల్ని వెనక్కి పంపితే అది నిర్లక్ష్యం కాదు, నిబంధన.

కానీ అక్కడితో ఆగిపోవద్దు. కడప వెళ్తే "మీరు బెంగళూరు వాళ్లు కదా" అంటారు. దీనికి మందు రెండు కాగితాలు. సొంత ఊరు చూపించే రికార్డ్ ఆఫీసు సర్టిఫికెట్ ఒకటి. ఈ పతకానికి కర్ణాటక నుంచి ఏమీ తీసుకోలేదని ఇక్కడి సైనిక్ బోర్డు ఇచ్చే లేఖ ఒకటి. రెండూ చేతిలో పెట్టుకుని వెళ్తే అటూ ఇటూ తిప్పడం తగ్గుతుంది.

పతకం 2014కు ముందు వచ్చింది, ఊరు నల్గొండ. ఆంధ్రప్రదేశ్‌నా, తెలంగాణనా?

ఊరు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ దగ్గర మొదలుపెట్టండి. పాత ఉమ్మడి ప్రభుత్వం ఏమైనా ఇచ్చిందో లేదో తెలిపే ఫైలు కోసం రెండు వైపులా వెతకాల్సి రావచ్చు. జిల్లాలు కూడా చీలిపోయాయి కాబట్టి అర్జీలో పాత జిల్లా, కొత్త జిల్లా, మండలం మూడూ రాయండి.

సైనిక్ బోర్డు నమోదు ఊళ్లో ఉంచుకోవాలా, బెంగళూరుకు మార్చుకోవాలా?

రెండు చోట్లా ఉండకూడదు. శాశ్వతంగా ఇక్కడే ఉంటే ఇక్కడికి మార్చుకోవడమే మంచిది. గ్రాంట్ల అర్జీలకు ఆరా తీసేవాళ్లు ఇంటికొస్తారు, మీరు కనబడాలి.

నాన్నగారికి ప్రభుత్వం డీకేటీ పట్టాగా ఇచ్చిన (అసైన్డ్) భూమిని అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాదంటున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో మాజీ సైనికుల కోటాలో ఇచ్చిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలుంది. మామూలు అసైన్డ్ భూమికీ దీనికీ ఉన్న తేడా అదే. సమస్య ఎక్కడంటే, రెవెన్యూ లెక్కల్లో దాన్ని ఉత్త అసైన్డ్ భూమిగా రాసి 22ఏ నిషేధిత జాబితాలో పడేసి ఉంటారు. సబ్ రిజిస్ట్రార్‌తో గొడవపడి లాభం లేదు, ఆయన చూసేది ఆ జాబితానే. డీ ఫారం పట్టాలో "మాజీ సైనికుడు" అన్న మాట ఉందో లేదో చూడండి. పట్టా కాపీ, అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలు, 1బి, అడంగల్, డిశ్చార్జి బుక్ పెట్టి జాబితా నుంచి తీసేయమని తహసీల్దారు ద్వారా కలెక్టర్‌కు అర్జీ పెట్టాలి. పట్టాలో ఆ మాట లేకపోతే రిజిస్టర్ నకలే ఆధారం, ఆర్టీఐ వేసైనా తెప్పించండి. ఈలోగా భూమి సాగులో ఉంచండి. బెంగళూరులో కూర్చుని బీడు పెడితే పక్కవాడి గట్టు జరుగుతూ వస్తుంది.

టోల్ దగ్గర మిలటరీ కార్డు చూపించినా వదలడం లేదు.

మాజీ సైనికులందరికీ టోల్ మినహాయింపు లేదు. జాతీయ రహదారుల ఫీజు నిబంధనల ప్రకారం మినహాయింపు ఉన్నది పరమవీర, అశోక, మహావీర, కీర్తి, వీర, శౌర్య చక్రాల గ్రహీతలకు. ధ్రువీకరించిన ఫొటో గుర్తింపు కార్డు చూపాలి. సేనా మెడల్ ఆ జాబితాలో లేదు. దేవనహళ్లి మీదుగా హైదరాబాద్ దారిలోనో, ముళబాగిలు మీదుగా చిత్తూరు దారిలోనో తరచూ వెళ్లేవాళ్లు మినహాయింపు ఫాస్టాగ్‌కు అర్జీ పెట్టుకుంటే లేన్‌లో వాదించే పని ఉండదు.

రైలు పాస్ ఎవరికి?

చక్ర పతక గ్రహీతలకు, వాళ్లు పోయాక భార్యకు రైల్వే ఉచిత కార్డు పాస్ ఇస్తుంది. ఫస్ట్ క్లాస్ లేదా సెకండ్ ఏసీలో, తోడుగా ఒకరితో. బెంగళూరులో డివిజనల్ రైల్వే మేనేజర్ ఆఫీసులో గెజిట్ కాపీ, గుర్తింపు, ఫొటోలతో అడగాలి. పాస్ ఉన్నా బెర్తు రిజర్వేషన్ చేయించుకోవాల్సిందే.

బెంగళూరులో ఇంటి పన్ను తగ్గుతుందా?

మాజీ సైనికుడు, లేదా ఆయన భార్య, స్వయంగా ఉంటున్న ఇంటికి సగం రాయితీ ఉంది. అద్దెకిచ్చిన అంతస్తుకు లేదు. ఇల్లు కొడుకు పేరున రాసేస్తే రాయితీ పోతుంది, గిఫ్ట్ డీడ్‌కు ముందు ఇది ఆలోచించుకోండి.

## ఒంట్లో బాగాలేనప్పుడు

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు తీసుకోలేదు. ఇప్పుడు చేరొచ్చా?

పెన్షన్ ఉన్న మాజీ సైనికుడు, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్య ఎప్పుడైనా చేరొచ్చు. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లకు, యుద్ధ వితంతువులకు చందా కూడా లేదు. ఈ పథకం 2003లో మొదలైంది. అంతకుముందే రిటైరై ఊళ్లకు వెళ్లిపోయిన పెద్దవాళ్లలో కొందరికి దీని సంగతే చెప్పినవాళ్లు లేరు.

రాత్రిపూట గుండెనొప్పి వచ్చి దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. బిల్లు ఇస్తారా?

ఈసీహెచ్‌ఎస్ ఒప్పందం ఉన్న ఆసుపత్రి అయితే కార్డు చూపి ఎమర్జెన్సీ అని చెప్పండి, డబ్బు కట్టక్కర్లేదు. అడ్వాన్సు అడిగితే ఎందుకో రాసివ్వమనండి. ఒప్పందం లేని ఆసుపత్రి అయితే 48 గంటల్లో దగ్గరి ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఫోన్‌తో సరిపెట్టకుండా ఈమెయిల్ కూడా పంపండి, తేదీ, గంట నమోదవుతాయి. డిశ్చార్జి సమ్మరీలో ఎమర్జెన్సీగా చేరినట్టు రాయించుకోండి. ఆ ముక్క లేకనే బిల్లులు ఎక్కువగా తిరిగొస్తాయి. డబ్బు వచ్చినా ఆసుపత్రి వేసినంత కాదు, ప్రభుత్వ రేట్ల మేరకే వస్తుంది.

యుద్ధంలో తగిలిన గాయం వయసుతో ముదిరింది. అప్పట్లో వైకల్యం 30 శాతమని రాశారు.

తిరిగి పరీక్షించమని రికార్డ్ ఆఫీసుకు అర్జీ పెట్టొచ్చు, ఇటీవలి వైద్య కాగితాలు జతచేయాలి. ఈలోగా ఒకటి చూసుకోండి: అర్హులకు 50 లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కకట్టే పద్ధతి ఉంది. అది మీ పెన్షన్‌లో అమలైందా అన్నది పీపీఓలో కనబడుతుంది. గాయం శత్రువుతో పోరులో తగిలిందని డిశ్చార్జి కాగితాల్లో ఉంటే అది మామూలు డిజేబిలిటీ కాదు, వార్ ఇంజరీ కింద రావాలి. దాని రేటు వేరు, ఎక్కువ.

పతకం వచ్చిన పెద్దాయన, ఇల్లు పిల్లల పేరున రాసిచ్చాక వాళ్లు చూడటం లేదు. మేం పక్కింటివాళ్లం.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద అసిస్టెంట్ కమిషనర్ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆయన స్వయంగా వెళ్లలేకపోతే ఆయన అనుమతితో మరొకరో, స్వచ్ఛంద సంస్థో అర్జీ వేయొచ్చు, లాయరు అక్కర్లేదు. చూసుకుంటామన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని సెక్షన్ 23 కింద రద్దు చేయించుకోవచ్చు. గిఫ్ట్ డీడ్‌లో ఆ షరతు రాసి ఉంటే కేసు బలంగా ఉంటుంది. వెంటనే సాయం కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

పక్కింటివాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఇంకో పని కూడా చేయొచ్చు. జనవరి 26న శాలువా కప్పే ఓపిక ఉన్నవాళ్లు, అదే రోజు ల్యాప్‌టాప్ ముందు గంట కూర్చుని ఆయన పెన్షన్ స్లిప్ తెరిచి చూడండి. అలవెన్స్ వరుస ఉందా, భార్య పేరు సరిగ్గా ఉందా, లైఫ్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడు, ఈ మూడే. పాస్‌వర్డ్ మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి.

## ఆయన పోయాక

అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలైంది, పతకం డబ్బు ఆగిపోయింది.

అలవెన్స్ భార్యకు జీవితాంతం వస్తుంది. కానీ ఫ్యామిలీ పెన్షన్‌తో పాటు అదే వచ్చేస్తుందని కూర్చోవద్దు. మరణ ధ్రువీకరణ, గెజిట్ కాపీ, ఆయన పీపీఓలో అలవెన్స్ ఉన్న పేజీ, అమ్మ పీపీఓ జతచేసి విడిగా అడగండి. అలాగే వయసు 80 దాటితే ఫ్యామిలీ పెన్షన్ బేసిక్ మీద 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూరు శాతం అదనం. అమ్మ పుట్టిన తేదీ పీపీఓలో లేకపోతే ఈ పెంపు రాదు. అది ఖాళీగా ఉన్న పీపీఓలు ఎన్నో.

భర్త యుద్ధంలో పోయారు. మళ్లీ పెళ్లి చేసుకుంటే అలవెన్స్ పోతుందా?

పోదు. ఒకప్పుడు మరిదినో బావగారినో చేసుకుంటేనే కొనసాగించేవారు. 2017 నవంబరులో ఆ షరతు ఎత్తేశారు. ఇప్పటికీ పాత నిబంధన చెప్పేవాళ్లు తగులుతారు, ఆ ఉత్తర్వు కాపీ దగ్గర పెట్టుకోండి.

పెళ్లికాని అబ్బాయికి మరణానంతరం పతకం ఇచ్చారు. మాకు వస్తుందా?

వస్తుంది. అవివాహితుడికి మరణానంతరం ఇచ్చిన పతకం అలవెన్స్ తండ్రికి లేదా తల్లికి.

మెడల్ పోయింది. ఇంకొకటి ఇస్తారా?

పోలీసు ఫిర్యాదు కాపీతో రికార్డ్ ఆఫీసుకు రాయండి. మెడల్ పోయినంత మాత్రాన అలవెన్స్ ఆగదు, దానికి ఆధారం గెజిట్.

## ఎవరూ పలకనప్పుడు

రికార్డ్ ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు.

స్పీడ్ పోస్టులో పంపారా, రసీదు ఉందా? లేకపోతే మళ్లీ పంపండి. సర్వీసు నంబరు, హోదా, పేరు, పీపీఓ నంబరు పైనే పెద్దగా రాయాలి. నెల గడిస్తే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు వేయండి. "పరిష్కరించాం" అని మూసేస్తే అప్పీలు వేసుకునే వీలుంది.

దానితో పాటే ఆర్టీఐ కూడా వేయండి. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే సమాచారం కాదని తోసిపుచ్చుతారు. ఇలా అడగండి: "ఫలానా తేదీన అందిన నా అర్జీ మీద తీసుకున్న చర్యల ఫైలు నోటింగ్ కాపీ, అలవెన్స్ కోసం పీసీడీఏకు పంపిన లేఖ నంబరు, తేదీ, పంపి ఉండకపోతే ఆ అర్జీ ఇప్పుడు ఏ సెక్షన్‌లో ఉంది." చాలా ఫైళ్లు జవాబు రాసే రోజునే కదులుతాయి. ఇది సైనికుడు గానీ, ఆయన పోతే కుటుంబ సభ్యులు గానీ వేయాలి. బయటివాళ్లు వేస్తే వ్యక్తిగత సమాచారమని నిరాకరిస్తారు.

కేసు వేయాలంటే బెంగళూరులో కుదురుతుందా?

సైనికుల పెన్షన్, అలవెన్స్ వివాదాలకు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, కర్ణాటకలో ఉంటున్నవాళ్లకు అది కొచ్చి బెంచ్. ఆంధ్ర, తెలంగాణల్లో నివాసం ఉంటే చెన్నై. ముందు అర్జీ పెట్టి ఉండాలి. దాని మీద ఆరు నెలలైనా జవాబు లేకపోయినా, కాదని ఉత్తర్వు వచ్చినా వెళ్లొచ్చు. ఉత్తర్వు వచ్చాక గడువు ఆరు నెలలే. రాష్ట్రం ఇచ్చే నగదు, భూమి గొడవలు ఈ ట్రిబ్యునల్ వినదు, వాటికి ఆ రాష్ట్ర హైకోర్టు. లాయరు ఫీజు భారమైతే సైనిక్ బోర్డులో న్యాయ సేవా క్లినిక్ గురించి అడగండి. నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన పేరుతో వీటిని మొదలుపెట్టింది.

బకాయి తెప్పిస్తా, అందులో పావు వంతు ఇవ్వమంటున్నాడొకాయన. ఇవ్వొచ్చా?

వద్దు. గ్యాలంట్రీ అలవెన్స్ మంజూరుకు ఏ దశలోనూ ఫీజు లేదు. స్పర్శ్ పాస్‌వర్డ్, ఓటీపీ, ఖాళీ కాగితం మీద సంతకం ఎవరికీ ఇవ్వకండి. ముఖ్యంగా బ్యాంకు ఖాతా మార్పు అర్జీ మీద ఏం రాసుందో చదవకుండా సంతకం పెట్టొద్దు. కంప్యూటర్ పని తెలియకపోతే స్పర్శ్ సేవలకు అనుమతి ఉన్న కామన్ సర్వీస్ సెంటర్‌కో, పెన్షన్ ఖాతా ఉన్న బ్యాంకు శాఖలోని సేవా కేంద్రానికో వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆధార్‌కు కలిపిన ఫోన్ వెంట తీసుకెళ్లాలి. అది ఊళ్లో మనవడి దగ్గరుంటే ఆ రోజు పని కాదు.